రాళ్ళు కొట్టే చోటు వెతుక్కుంటూ లండన్ నుంచి వెనిస్ దాకా

ఆళ్ళగడ్డలో మా నాన్న షెడ్డు గోడ మీద విశ్వకర్మ పటం పక్కన ఒక పోస్ట్‌కార్డు అంటించి ఉంటుంది. ఆరేళ్ళ కిందట మా చెల్లి లండన్ నుంచి పంపింది. రాతిపొడి పట్టి దాని అంచులు తెల్లబడిపోయాయి. కార్డు మీద వెనిస్‌ని చూపే ఒక పాత బొమ్మ: పెద్ద కాలువ, అవతలి గట్టున గోపురం ఉన్న చర్చి, ఇవతలి గట్టున ఖాళీ స్థలం నిండా రాళ్ళు, ఆ రాళ్ళ మధ్య వంగి పని చేసుకుంటున్న మనుషులు. నాన్న నలభై ఏళ్ళకు పైగా కృష్ణశిలలో విగ్రహాలు చెక్కాడు. ఆ కార్డు చూసినప్పుడల్లా ఆయనది ఒకటే ప్రశ్న: "ఇన్ని రాళ్ళు దేనికి తెప్పించినారమ్మా వాళ్ళు?"

నాకు తెలియదు. ఈ అక్టోబర్‌లో సెలవు పెట్టి చెల్లి దగ్గరికి వెళ్ళినప్పుడు, ముందు ఆ బొమ్మని, తర్వాత ఆ చోటుని చూసి రావాలని గట్టిగా అనుకున్నాను. ఇంటికొచ్చి నాలుగు రోజులైంది. ఇంకా కాళ్ళ నొప్పులు తగ్గలేదు. మర్చిపోకముందే రాసేస్తున్నాను.

అక్టోబర్ 10, శుక్రవారం. లండన్

ఆ బొమ్మ ఉన్నది నేషనల్ గ్యాలరీలో. లోపలికి వెళ్ళడానికి టికెట్ అక్కర్లేదు. ట్రఫాల్గర్ స్క్వేర్ నుంచి నేరుగా లోపలికి వెళ్ళిపోవచ్చు. శుక్రవారం రాత్రి 9 దాకా తెరిచి ఉంటుంది కాబట్టి మాకు తొందర లేదు. అయినా నా టెన్షన్ నాది. ఈ బొమ్మని ఒక్కోసారి వేరే ఊళ్ళకి పంపుతుంటారు. 2024లో కొన్ని నెలలు వేల్స్‌లోని అబరిస్ట్‌విత్‌లో ఉంచారు. ఇంత దూరం వచ్చాక గోడ ఖాళీగా ఉంటే ఎట్లా అని దారంతా అదే బెంగ.

ఉంది. అనుకున్నదాని కంటే చాలా పెద్దది. వెడల్పు 163 సెంటీమీటర్లు, ఎత్తు 124. అరచేతిలో పట్టే కార్డుని ఇన్నేళ్ళు చూసిన కళ్ళకి అది తలుపు తీసినట్టు అనిపించింది. పేరు 'ది స్టోన్‌మేసన్స్ యార్డ్'. మన మాటల్లో రాతిపని వాళ్ళ దొడ్డి. వేసింది 1725 ప్రాంతంలో, వెనిస్‌లోనే పుట్టి పెరిగిన జొవాన్ని ఆంతోనియో కనాల్. అందరూ కెనలెత్తో అంటారు, అంటే చిన్న కనాల్ అని. ఇంటిపేరు కనాల్ కాబట్టి ఆ పేరు వచ్చింది, కాలువల బొమ్మలు వేశాడని కాదు. వాళ్ళ నాన్న బెర్నార్దో నాటకాలకి తెరలు వేసేవాడు. కొడుకు కూడా చిన్నప్పుడు ఆయనతో కలిసి ఆ పనే చేశాడు. సురభి వాళ్ళ తెరలు చూసి పెరిగిన మాలాంటి వాళ్ళకి ఈ సంగతి తెలియగానే బొమ్మ ఇంకొంచెం దగ్గరైంది. ముందు నేల, వెనక నీళ్ళు, ఆ వెనక మేడలు, పైన ఆకాశం. నిజంగానే తెర లేచాక కనిపించే రంగంలా ఉంటుంది.

కార్డులో నాకు ఎప్పుడూ కనపడనివి ఇక్కడ కనపడ్డాయి. ఎడమ పక్క కింద ఒక చిన్న పిల్లవాడు వెల్లకిలా పడ్డాడు. పడిన భయానికి ఉచ్చ పోసేస్తున్నాడు, ఆ సన్నటి ధార కూడా వేశాడు. వాళ్ళమ్మ రెండు చేతులూ ముందుకు చాచి పరుగెత్తుకొస్తోంది. పైన బాల్కనీలోంచి ఇంకొక ఆవిడ వంగి చూస్తోంది. కిటికీ గడప మీద కోడిపుంజు. కుడి పక్క ఇంట్లో ఒక ఆడమనిషి బాల్కనీలో కూర్చుని నూలు వడుకుతోంది. కిటికీలకి బట్టలు ఆరేసి ఉన్నాయి. గోడల పెచ్చులు ఊడిపోయి లోపలి ఇటుకలు బయటపడ్డాయి. చెక్క పాక ఒకటి. దాని చుట్టూ, ముందు, తెల్లటి ఇస్త్రియా రాళ్ళు, కొన్ని మొరటుగా, కొన్ని సగం చెక్కినవి.

ఆ కాలంలో వెనిస్ చూడటానికి ఇంగ్లండ్ నుంచి డబ్బున్న దొరబాబులు వచ్చేవారు. వాళ్ళు ఊరికి గుర్తుగా కొనుక్కెళ్ళే బొమ్మల్లో పండగ పడవలు, రాజభవనాలు ఉండాలి. కెనలెత్తో తర్వాత అలాంటివి వందల కొద్దీ వేశాడు, వాటితోనే గొప్ప పేరు వచ్చింది. అవీ చూశాను, అదే గదిలో ఉన్నాయి. శుభ్రంగా, తళతళలాడుతూ ఉంటాయి. కానీ ఈ ఒక్క బొమ్మలో ఆయన తన ఊళ్ళో వాళ్ళ వెనక నిలబడి చూసినట్టు ఉంది. ఇంత పెద్ద కాన్వాసు ఎదర భాగమంతా రాళ్ళు కొట్టేవాళ్ళకీ, పిల్లవాడి కోసం పరుగెత్తే తల్లికీ ఇచ్చేశాడు. చర్చి వెనక్కి వెళ్ళిపోయింది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి, దాచుకోలేదు.

మధ్యాహ్నం మూడైంది, అంటే మా ఊళ్ళో రాత్రి ఏడున్నర. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని చిన్న గొంతుతో నాన్నకి వీడియో కాల్ చేశాను. ఆయన కళ్ళజోడు తెచ్చుకుని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

"ఆ వంగినాయన నడుము చూడు. పొద్దుగూకేదాకా అట్లే ఉండాల," అన్నాడు. తర్వాత మళ్ళీ, "ఈయన ఎవరో గానీ పనికాడికి వచ్చి, నిలబడి చూసినాడమ్మా. ఊరికే వేసింది కాదు."

బయటికొచ్చి టీ తాగాం. కప్పు 3 పౌండ్ల 20 పెన్స్. "రూపాయల్లోకి లెక్క వెయ్యొద్దక్కా, ఇక్కడ బతకలేవు," అంది చెల్లి. నేను అప్పటికే వేసేశాను.

అక్టోబర్ 11, శనివారం. వెనిస్, కన్నరేజో

వెనిస్‌లో అడ్రస్ పట్టుకుని ఇల్లు కనుక్కోవడం మన వల్ల అయ్యే పని కాదు. ఊరు ఆరు పేటలు, మేము దిగింది కన్నరేజో పేటలో. ఇంటి నంబర్లు వీధికి కాదు, పేట మొత్తానికి కలిపి వేసుకుంటూ పోయారు. అందుకే నాలుగంకెల నంబర్లు. ఒక నంబరు పక్క నంబరు సందు మలుపు అవతల ఉండొచ్చు. ఫోన్ చూపించిన దారిలో వెళ్తే రెండు గోడల మధ్య సందు సన్నబడుతూ పోయి నేరుగా నీళ్ళలోకి దిగింది. పాకుడు పట్టిన రెండు మెట్లు, తర్వాత కాలువ. చేతిలో రెండు సూట్‌కేసులు. ప్రతి వంతెనకీ మెట్లే కాబట్టి వాటిని ఎత్తి దించి, ఎత్తి దించి భుజాలు పడిపోయాయి.

వెనక్కి తిరిగేసరికి ఒక హోటల్ వంటింటి తలుపు దగ్గర ఏప్రన్ కట్టుకున్న అబ్బాయి ఉల్లిపాయల బస్తా విప్పుతున్నాడు. మమ్మల్ని చూసి హిందీలో "కహాఁ జానా హై దీదీ?" అన్నాడు. బంగ్లాదేశ్ అబ్బాయి. కాపురం నీళ్ళ మీది పొడుగు వంతెన అవతల, నేల మీదున్న మెస్ట్రేలో, పని ఇక్కడ. రోజూ పొద్దున బస్సులో వచ్చి రాత్రి వెళ్తాడట. మెస్ట్రేలో వాళ్ళ దేశం వాళ్ళు చాలామంది ఉన్నారు, మర్ఘేరా ఓడల కర్మాగారంలో కూడా. చెల్లి చేతిలో పెద్ద సూట్‌కేసు లాక్కుని రెండు వంతెనలు దాటించి గుమ్మం దాకా దింపాడు. డబ్బులివ్వబోతే చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

పాత ఊళ్ళో ఇప్పుడు నివాసం ఉండేవాళ్ళు యాభై వేల కంటే తక్కువ. 1950ల మొదట్లో లక్షా డెబ్భై వేలకు పైగా ఉండేవాళ్ళు. ఆ రాత్రి మా కిటికీలోంచి చూస్తే ఎదురుగా ఉన్న మూడంతస్తుల ఇంట్లో ఒకే ఒక్క కిటికీలో దీపం ఉంది. అందులో ఒక పెద్దావిడ బట్టలు తీసుకుంటోంది. కప్పీ తాడు లాగుతుంటే తువ్వాళ్ళు ఒక్కొక్కటిగా కాలువ మీదుగా ఆమె చేతుల్లోకి వచ్చాయి.

అక్టోబర్ 12, ఆదివారం. కాంపో శాన్ విదాల్

ఇక్కడ చౌకులని కాంపో అంటారు. కాంపో అంటే పొలం, బయలు. పియాత్సా అనేది శాన్ మార్కో ఒక్కదానికే. మేము వెతుకుతున్నది కాంపో శాన్ విదాల్. అకాడమియా వంతెనకి ఇవతలి మొదలు. తీరా చేరాక, మేము అందులోనే నిలబడి ఉన్నామని తెలియడానికి కాసేపు పట్టింది. బొమ్మలో అంత విశాలంగా కనపడిన చోటు ఇప్పుడు వంతెన ఎక్కేవాళ్ళు, దిగేవాళ్ళు, సెల్ఫీ కర్రలు, బండ్ల మీద సూట్‌కేసులు లాగే కూలీలతో కిక్కిరిసి ఉంది. ఫోన్‌లో బొమ్మ పెట్టుకుని ఎదురుగా చూస్తే అసలు కాలువే కనపడదు. ఆ చెక్క వంతెన మొత్తం కమ్మేసింది.

కెనలెత్తో రోజుల్లో ఇక్కడ వంతెన లేదు. ఊరి మధ్యగా పోయే ఈ పెద్ద కాలువ, గ్రాండ్ కెనాల్, మొత్తం మీద రియాల్తో వంతెన ఒక్కటే. ఇక్కడ ముందు 1854లో ఇనుప వంతెన వేశారు, దాని స్థానంలో 1933లో చెక్కది వచ్చింది. అంతకుముందు అవతలికి వెళ్ళాలంటే పడవే. అందుకే ఆ బొమ్మలో గట్టు గట్టులాగే ఉంది, రాళ్ళు పడవ మీద వచ్చి అక్కడే దిగేవి. ఇస్త్రియా రాయి ఆడ్రియాటిక్ సముద్రానికి అవతలి ఒడ్డు నుంచి వస్తుంది. ఉప్పునీళ్ళని తట్టుకుంటుంది కాబట్టి ఈ ఊళ్ళో నీళ్ళకి తగిలే అంచులు, మెట్లు, గడపలు చాలావరకు ఆ రాయే.

వంతెన మీదికెక్కి అవతలి గట్టు చూశాం. శాంతా మరియా దెల్లా కారితా చర్చి ఇటుక గోడలు అలాగే ఉన్నాయి. గోపురం లేదు. 1744లో కూలిపోయింది. అంటే బొమ్మ వేసిన ఇరవై ఏళ్ళకి. నేను బొమ్మలో ముందుగా చూసింది ఆ గోపురాన్నే. అది లేని ఆకాశం కేసి చూస్తుంటే, చిన్నప్పటి ఫొటోలో పోయిన మనిషి కనపడితే ఎలా ఉంటుందో అలా అనిపించింది.

వెనక్కి తిరిగి శాన్ విదాల్ చర్చి దగ్గరికి వచ్చాం. ఇది బొమ్మలో కనపడదు. కానీ ఆ రాళ్ళన్నీ ఈ చర్చి మరమ్మతు పని కోసమేనని గ్యాలరీ వాళ్ళ వివరణ. ముఖభాగం ఆండ్రియా తిరాలి అనే వాస్తుశిల్పి చేసింది. ఇప్పుడు లోపల సాయంత్రాలు వివాల్ది సంగీత కచేరీలు జరుగుతాయి. వేదిక వెనక కార్పాచ్చో అనే పాత వెనిస్ చిత్రకారుడు వేసిన గుర్రం మీది సాధువు బొమ్మ ఉంది. నేను లోపల ఎక్కువసేపు ఉండలేదు. బయట రాతి మీద చేయి వేసి నిలబడ్డాను. ఎండకి వెచ్చగా ఉంది. అంచు దగ్గర వేలితో తడిమితే సన్నటి గాట్లు తగిలాయి.

అక్కడి నుంచే నాన్నకి ఫోన్ చేశాను. "నాన్నా, గుడి పనికంట ఆ రాళ్ళు."

"గుడి పనా," అన్నాడు. కాసేపు ఆగి, "అయితే సరే," అన్నాడు. ఆ గొంతులో అంత తృప్తి ఈ మధ్య కాలంలో వినలేదు.

ఇంతలో చెల్లికి కాఫీ కావాలంది. అందంగా ఉందని ఒక చోట కుర్చీలో కూర్చున్నాం. రెండు చిన్న కాఫీలకి 11 యూరోలు వేశారు. ఇక్కడ నిలబడి తాగితే ఒక రేటు, కూర్చుంటే ఇంకో రేటు. అది తెలియక కూర్చున్నాం, మోసమని అనలేను. మర్నాటి నుంచి కౌంటర్ దగ్గర నిలబడి 1.40కి తాగాం. అదే మేలు కూడా. పక్కన పడవ నడిపేవాళ్ళు, పోస్ట్‌మ్యాన్ నిలబడి గుక్కలో తాగి పోతుంటారు. లోపలికి రాగానే "బొంజోర్నో" అని అందరికీ చెప్పాలి. చెప్పకపోతే మొహం అదోలా పెడతారు, చెప్తే పని ఇట్టే జరుగుతుంది.

మధ్యాహ్నం వంతెన దాటి అకాడమియా మ్యూజియంకి వెళ్ళాం. నెపోలియన్ కాలంలో చర్చినీ, పక్కనున్న కారితా ధర్మసంఘం ఇంటినీ ఈ మ్యూజియానికి ఇచ్చేశారు. చర్చిని అడ్డంగా రెండంతస్తులు చేశారు. అంటే బొమ్మలో కాలువ అవతల కనిపించే ఆ కట్టడం లోపలే మేము తిరుగుతున్నాం. వెనిస్ చిత్రకారుడు టిషన్ 1530లలో వేసిన పెద్ద కాన్వాసు ఒకటి ఏ గది కోసం వేశాడో ఇప్పటికీ అదే గదిలో ఉంది. పసిపిల్ల మరియమ్మ గుడి మెట్లెక్కుతోంది, పెద్దలంతా చూస్తున్నారు. మెట్ల కింద మాత్రం గుడ్ల బుట్ట పెట్టుకుని ఒక ముసలామె ఎటో చూస్తూ కూర్చుంది. ఆమెకి బేరం కావాలి. నాకు ఆ గదిలో ఆమే గుర్తుండిపోయింది.

రాత్రి తిండి గురించి చెప్పాలి. సార్దె ఇన్ సావోర్ అని, వేయించిన సార్డీన్ చేపల మీద వెనిగర్‌లో మగ్గిన ఉల్లిపాయలు, ఎండుద్రాక్ష, పైన్ గింజలు వేసి ఊరబెడతారు. పూర్వం పడవల వాళ్ళు చేపలు పాడవకుండా ఇలా చేసుకునేవారట. చేసిన రోజు కాదు, మర్నాడు తింటేనే రుచి అని వడ్డించినాయన చేత్తో సైగ చేసి చెప్పాడు. చేపల పులుసుకి మనం చెప్పే మాటే కదా! ప్లేటు ఖాళీ చేసి, మిగిలిన పులుపుని బ్రెడ్డుతో తుడుచుకుని తిన్నాను.

అక్టోబర్ 13, సోమవారం. శాన్ త్రొవాజో

రాళ్ళ దొడ్డి పోయింది, మరి కాలువ పక్కన చేతిపని ఇంకా ఎక్కడైనా మిగిలిందా అని అడిగితే మేము దిగిన ఇంటి యజమానురాలు స్క్వేరో చూడమంది. అంటే గొండోలాలని పిలిచే ఇక్కడి పొడవాటి నల్ల పడవలు చేసి బాగుచేసే చోటు. శాన్ త్రొవాజో కాలువ పక్కన ఉంది. లోపలికి ఊరికే వెళ్ళనివ్వరు, ఎదురు గట్టున నిలబడి చూడాలి. వెనిస్‌లో ఎక్కడా లేని విధంగా అది కొండ ఊళ్ళ చెక్క ఇల్లులా ఉంటుంది. పూర్వం ఈ పనివాళ్ళు కదోరే కొండల నుంచి వచ్చినవాళ్ళు.

మూడు గొండోలాలు నీళ్ళలోంచి లాగి వాలు మీద బోర్లించారు. ఒకాయన నల్లటి అడుగుని గీకుతున్నాడు. ఒక అబ్బాయి డబ్బాలో ఏదో కలుపుతున్నాడు. గొండోలా పొడవు 11 మీటర్లకి కాస్త తక్కువ, ఎనిమిది రకాల కర్రతో, 280 ముక్కలతో చేస్తారు. బోర్లించినప్పుడే తెలిసింది, అది వంకరగా ఉంటుందని. ఎడమ పక్క కుడి కంటే 24 సెంటీమీటర్లు వెడల్పు. తెడ్డు ఒకవైపే వేస్తారు కాబట్టి తిన్నగా పోవాలంటే పడవే వంకరగా ఉండాలి. ఆ గీకే ఆయన ప్రతి రెండు నిమిషాలకీ అరచేత్తో నిమిరి చూసుకుంటున్నాడు. అది చూస్తూ గంటసేపు కదల్లేదు నేను. నాన్న కూడా విగ్రహం బుగ్గ అలాగే నిమురుతాడు. కంటికి తెలియని ఎత్తుపల్లాలు చేతికి తెలుస్తాయి అంటాడు.

సోమవారం నేను నీచు ముట్టను. ఎదురుగానే చిక్కెత్తి అమ్మే చోటు ఉంది. అరచేతిలో సగం ఉండే బ్రెడ్డు ముక్కల మీద రకరకాలు పెట్టి ఇస్తారు. వేలితో చూపించి "చేప లేదు, మాంసం లేదు" అని ఇంగ్లీషులో అడిగితే కౌంటర్‌లో ఆవిడకి అర్థం కాలేదు. వెనక నిలబడ్డ పెద్దాయన ఒక్కో ముక్కనీ చూపిస్తూ "సి", "నో" అని తానే వరస చెప్పాడు. గుమ్మడికాయ ముద్ద, చీజు మీద అంజూరం, ఆర్టిచోక్. నాలుగు ముక్కలకి 7 యూరోలు. గట్టు గోడ మీద ప్లేటు పెట్టుకుని అందరూ నిలబడే తింటారు. సీగల్స్ మాత్రం జాగ్రత్త, చెల్లి చేతిలో ముక్కని ఒకటి ఎగరేసుకుపోయింది.

తిరుగు దారిలో శాన్ తొమా దగ్గర త్రగెత్తో ఎక్కాం. పాత గొండోలాలో ఇద్దరు తెడ్డు వేస్తూ గ్రాండ్ కెనాల్ దాటిస్తారు. ఊరివాళ్ళకి తక్కువ, మాలాంటివాళ్ళకి 2 యూరోలు. వపొరెత్తో స్టీమర్ టికెట్ తొమ్మిదిన్నర యూరోలు, కాబట్టి ఇది మాకు చాలా బాగుంది. ఒకావిడ కూరల సంచితో, ఇంకొకాయన మడతపెట్టిన పేపరుతో ఎక్కారు. నీళ్ళ మధ్యలో ఎవరూ మాట్లాడలేదు.

అక్టోబర్ 14, మంగళవారం. తెల్లవారుజాము

చివరి రోజు ఒక్కదాన్నే ఆరున్నరకి లేచి మళ్ళీ శాన్ విదాల్‌కి వెళ్ళాను. వంతెన మీద ఎవరూ లేరు. కాలువ నిండా మాత్రం పనే. చెత్త పడవ, హోటళ్ళ దుప్పట్ల మూటలతో ఒక పడవ, క్యాబేజీ పెట్టెలతో ఒకటి, సిమెంటు బస్తాలూ ఇసుకతో ఇంకొకటి. ఇసుక పడవలో ఇద్దరు నిలబడి రొట్టె తింటున్నారు. సామాను బండ్లు మెట్ల మీదుగా ఎక్కించేవాళ్ళు "ఓచో! ఓచో!" అని అరుస్తుంటారు, తప్పుకోండని. తొమ్మిది దాటాక వచ్చే మాలాంటివాళ్ళకి ఈ ఊరు కనపడదు.

వంతెన దిగి అవతల చిన్న కాలువ గట్టు వెంట నడుస్తుంటే ఆ శబ్దం వినపడింది. టంగ్, టంగ్, ఆగి మళ్ళీ టంగ్. ఎక్కడ విన్నా నేను గుర్తుపట్టే శబ్దం అది. మలుపు తిరిగితే గట్టు మీద కొంత మేర పరిచిన బూడిదరంగు రాళ్ళు లేపి, ఒక్కోదాని మీద సుద్దతో నంబరు వేసి వరసగా పేర్చారు. నీళ్ళ అంచున పెట్టాల్సిన తెల్ల రాయి ఒకటి చెక్క దిమ్మెల మీద ఉంది. దాని ముందు మోకాలి కింద గోనెసంచి మడిచి వేసుకుని యాభై ఏళ్ళ మనిషి ఉలితో అంచు తీస్తున్నాడు. పక్కన మిషన్ ఉంది, పని మాత్రం చేత్తోనే చేస్తున్నాడు. తెల్ల పొడి అతని బూట్ల మీద, కనుబొమ్మల మీద.

"బొంజోర్నో" అన్నాను. తలెత్తి నవ్వాడు. ఫోన్ చూపించి, చెవి చూపించి, రికార్డు చేసుకోవచ్చా అని సైగ చేశాను. భుజాలు ఎగరేసి సరేనన్నాడు. ఫోన్ గట్టు మీద పెట్టాను. రెండు నిమిషాల తర్వాత ఆగాడు, ఉలి మొన మీద బొటనవేలు ఆనించి చూసి, దాన్ని డబ్బాలో పడేసి ఇంకోటి తీసుకున్నాడు. మళ్ళీ మొదలు.

మొన్న ఇంటికొచ్చాక, షెడ్డులో నాన్న పక్కన స్టూలు వేసుకుని అది వినిపించాను. వీడియో కాదు, ఒట్టి శబ్దమే. నాన్న సుత్తి కింద పెట్టి తల ఒక పక్కకి వంచి విన్నాడు. నిమిషం దాటగానే, "ఆ ఉలి మొద్దుబారిందమ్మా, మార్చుకోమని చెప్పలేకపోయినావా," అన్నాడు. ఫోన్‌లో శబ్దం ఆగింది. డబ్బాలో ఇనుము పడిన చప్పుడు. కొత్త ఉలి మోత మొదలయ్యాక నాన్న ఇంకాసేపు విని, సుత్తి తీసుకున్నాడు.